దంతపు బొమ్మ ముందు అమ్మ

నేను ఉద్యోగంలో చేరిన మ్యూజియంలో చైనా నుంచి వచ్చిన వస్తువు ఒక్కటే ఉండేది. నా మధ్యవేలంత పొడవున్న దంతపు బొమ్మ. చిన్న నల్లచెక్క మంచం మీద ఒక ఆడమనిషి ఒక పక్కకి తిరిగి పడుకుని, తల కింద ఒక చెయ్యి పెట్టుకుని ఉంటుంది. తలకి కొప్పు, చేతికి గాజు, పాదాలకి బుల్లి జోళ్ళు. ఒంటి మీద మాత్రం నూలుపోగు లేదు. జోళ్ళు తొడుక్కునేంత తీరిక ఉన్న మనిషి బట్టలెందుకు కట్టుకోలేదని చూసిన ప్రతివాళ్ళకీ అనుమానం వచ్చేది. మమ్మల్ని అడిగేవాళ్ళు కారు. ఒకసారి చూసి, పక్కకి నడిచి, ఎవరూ లేనప్పుడు మళ్ళీ వచ్చి చూసేవాళ్ళు.

రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన కొన్నేళ్ళకి నేను అక్కడ చేరాను. పాత జమీందారీ కుటుంబం వాళ్ళు పెట్టిన చిన్న మ్యూజియం అది. వరండాలో రాతి విగ్రహాలు, లోపల నాణేలు, రాగిరేకులు, కొండజాతుల వాళ్ళ నగలు. వచ్చినవాళ్ళకి వాటిని చూపించి హిందీలో నాలుగు ముక్కలు చెప్పడం నా పని. చలికాలం స్కూలు పిల్లలు వచ్చేవాళ్ళు. ఎండాకాలం జనం కూలర్ కోసం వచ్చేవాళ్ళు. కూర్చోవడానికి వేరే చోటు దొరకని జంటలు ఏడాది పొడుగునా వచ్చేవాళ్ళు.

మా మ్యూజియం పెద్దాయన్ని మేమంతా సాబ్ అనేవాళ్ళం. శాసనాలు చదవడంలో దిట్ట. ఈ బొమ్మ విషయంలో మాత్రం ఆయనకి మనశ్శాంతి ఉండేది కాదు. కుటుంబం వాళ్ళ పెట్టెలోంచి వచ్చిన వస్తువు కాబట్టి దాన్ని లోపల దాచేస్తే వాళ్ళకి కోపం. బయట పెడితే స్కూలు మాస్టర్లకి కోపం. మొదట్లో బొమ్మ మొహం గోడవైపు తిప్పి పెట్టించాడట. వెనకనుంచి చూస్తే ఇంకా అన్యాయంగా ఉందని ఎవరో ఫిర్యాదు చేశారు. తర్వాత మీద జేబురుమాలు కప్పించాడు. అప్పుడు జనం అద్దాల బీరువా చుట్టూ తిరిగి ఆ రుమాలు కింద ఏముందో చూడటానికి మోకాళ్ళ మీద వంగడం మొదలుపెట్టారు. చివరికి రుమాలు తీసేసి, హాలు చివర నిప్పార్పే ఎర్ర సిలిండరు పక్కన వేరే అద్దాల బీరువాలో పెట్టించాడు. కింద హిందీలో చీటీ: ‘విశ్రాంతి తీసుకుంటున్న స్త్రీ. ఏనుగు దంతం. చైనా.’

ఎవరైనా అడిగితే ఏం చెప్పాలని నేను ఆయన్నే అడిగాను. ఆయన కుర్చీ తిప్పుకుని కిటికీవైపు చూస్తూ చెప్పాడు. పూర్వం చైనాలో గొప్పింటి ఆడవాళ్ళు వైద్యుడికి ఒళ్ళు చూపించేవాళ్ళు కాదట. తెర వెనక ఉండి, ఇలాంటి బొమ్మ మీద వేలు పెట్టి నొప్పి ఎక్కడుందో చూపించేవాళ్ళట. అవతల కూర్చున్న వైద్యుడు దాన్నిబట్టి మందిచ్చేవాడట.

“ఇది వైద్యానికి సంబంధించిన వస్తువు. అంతకంటే ఏం లేదు” అన్నాడు కిటికీతో.

మేం రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండేవాళ్ళం. మా నాన్న అక్కడి వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. మావాళ్ళది శ్రీకాకుళం వైపు. నాన్న చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చేశాడు కాబట్టి హిందీ బాగా మాట్లాడేవాడు. అమ్మ పెళ్ళయ్యాక వచ్చింది. కూరలు బేరమాడటానికి, ఆటోవాడితో పోట్లాడటానికి సరిపడా హిందీ నేర్చుకుని అక్కడ ఆపేసింది. మిగతా హిందీ అంతా నాన్న చేత మాట్లాడించేది.

ఒక ఏడు చలికాలంలో అమ్మ తనకి ఒంట్లో బాగోలేదంది. ఎక్కడ బాగోలేదంటే “ఒంట్లో” అనేది. నాన్న కాలనీ బయట ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు నాన్నని అడిగాడు, నాన్న అమ్మని అడిగాడు, అమ్మ గోడమీది కేలండరు చూస్తూ “గుండెల మీద ఏటో బరువుగా ఉంటంది” అంది. నాన్న దాన్ని “దిల్ భారీ లగ్తా హై” అని హిందీలోకి దించాడు. గుండె అనగానే డాక్టరు ఈసీజీ తీయించాడు. అది తీసిన నర్సుకి కూడా అమ్మ ఏమీ చెప్పలేదు. గుండె చాలా బాగుందనీ, ఈ వయసులో ఇంత మంచి గుండె తను ఎక్కువ చూడలేదనీ డాక్టరు అన్నాడు. నాన్న ఆ సంగతి వర్క్‌షాపులో అందరికీ చెప్పాడు. అమ్మకి గ్యాసు తగ్గే మాత్రలిచ్చారు. ఆమె వాటిని శ్రద్ధగా వేసుకుంది.

ఎండలు ముదిరాక ఒకరోజు అమ్మ పండరీ బజారుకి జాకెట్టు గుడ్డలు కొనుక్కోవడానికి వెళ్ళింది. అప్పటికి కొన్నాళ్ళుగా ఆమె జాకెట్లన్నీ వదులుగా కుట్టించుకుంటోంది. ఎండలకి అంటే నేను నమ్మాను. పండరీనుంచి తిరిగి వస్తూ, ఆటోలో ఎండదెబ్బ తగిలేటట్టుందని మధ్యలో మ్యూజియం దగ్గర దిగిపోయింది. అంతకుముందు ఎన్నిసార్లు రమ్మన్నా రాలేదు. “రాళ్ళు సూడ్డానికి టిక్కెట్టేటే, మనూర్లో బోల్డున్నాయి” అనేది.

ఆమెకి టికెట్టు అడగలేదు. వరండాలో ఉన్న విగ్రహాలన్నిటికీ వరసగా దణ్ణం పెట్టుకుంటూ వచ్చింది. తల లేనివాటికీ పెట్టింది. ఒక ద్వారపాలకుడికి కూడా పెడుతుంటే, ఆయన దేవుడు కాదమ్మా, కాపలావాడని చెప్పాను. “కాపలావోడికి ఒక దణ్ణమెడితే మనకేటి పోయింది” అని ఆ దణ్ణం పూర్తి చేసింది. లోపలికి వచ్చి కూలర్ ముందు కూర్చుని, మంచినీళ్ళు తాగి, చీర కొంగుతో మొహం తుడుచుకుని, సరే వచ్చాం కదా అన్నట్టు హాలంతా తిరిగింది. నాణేలు ఆమెకి నచ్చలేదు. కొండజాతుల నగల దగ్గర కొంచెంసేపు ఆగి, కడియాలు బరువెంత ఉంటాయో లెక్క కట్టింది. అలా నడుచుకుంటూ చివరి బీరువా దగ్గరికి వెళ్ళి నిలబడిపోయింది.

“ఏటే ఇది?”

“దంతపు బొమ్మమ్మా. చైనాది.”

“బట్టల్నేవు.”

“లేవు.”

“మీ సాబు పెద్దమనిషన్నావు.”

సాబ్ పరువు కాపాడాలని నాకు అనిపించింది. అందుకని ఆయన చెప్పిన కథంతా చెప్పాను. తెర, బొమ్మ, వేలు, అవతల కూర్చున్న వైద్యుడు. తెలుగులో ఆ కథ చెప్పడం అదే మొదటిసారి కాబట్టి కొంచెం తడబడ్డాను కూడా. అమ్మ మొత్తం విన్నది.

“మరి డాక్టరు తెర తీసి సూసీవోడు కాడా?”

“కాదట.”

“నోటితో సెప్పమని అడిగీవోడు కాడా?”

“ఏమో. బొమ్మ చూస్తే తెలిసిపోయేదిట.”

“మంచోడు” అంది అమ్మ.

తర్వాత వెళ్ళి కూలర్ ముందు కూర్చుంది. ఒకాయన వచ్చి రాగిరేకు మీద ఏం రాసుందో అడిగితే చదివి చెప్పడానికి నేను అటు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మ మళ్ళీ చివరి బీరువా దగ్గర ఉంది.

“తాళం తియ్యవే” అంది.

“తియ్యకూడదమ్మా. ఎందుకు?”

ఆమె హాలు గుమ్మంవైపు ఒకసారి చూసి, కుడిచేతి చూపుడువేలు అద్దం మీద ఆనించింది. వేలు వెనక బొమ్మ ఎడమ రొమ్ము ఉంది.

“ఇక్కడ” అంది.

నాకు ముందు అర్థం కాలేదు. అద్దం మీద మరక ఉందంటోందేమో అనుకున్నాను. తర్వాత ఆమె మొహం చూశాను. బొమ్మవైపే చూస్తోంది, నావైపు కాదు.

“నొప్పా?”

“నొప్పి కాదు. గడ్డలాగ. మొదట సింతపిక్కంతుండీది. ఇప్పుడు ఉసిరికాయంతయింది.”

“ఎన్నాళ్ళనుంచి?”

“కార్తీక మాసంలో సూసుకున్నాను.”

అప్పుడు వైశాఖం. రాగిరేకు చదివించుకున్నాయన దగ్గరికి వచ్చి బాత్రూం ఎటని అడిగాడు. వరండా దాటి ఎడమవైపని చెప్పాను. ఆయన థాంక్యూ అని వెళ్ళాడు. అమ్మ వేలు అద్దం మీంచి తీసి, అక్కడ పడిన ముద్రని కొంగుతో తుడిచింది.  పక్కన కుర్చీ ఉందని అప్పుడు గుర్తుకు రాలేదు. ఇద్దరం అలాగే నిలబడి ఉన్నాం.

“నాన్నకి ఎందుకు చెప్పలేదమ్మా?”

“మీ నాన్నకి సెప్తే ఆయన డాక్టరుకి హిందీలో సెప్పాలి. హిందీలో ఆ మాటేటో నాకు తెల్దు. తెలుగులో తెలుసు గానీ నోరు రాదు. గుండెల మీద అని సెప్పాను కదా. ఆయన గుండెకి అట్టుకెళ్ళిపోయేడు.”

“నాకైనా చెప్పొచ్చు కదా.”

“నువ్వు సిన్నపిల్లవి” అంది. నాకప్పటికి ఇరవై ఆరేళ్ళు.

మర్నాడు సెలవు పెట్టి, దేవేంద్ర నగర్‌లో ఒక లేడీ డాక్టరు ఉందంటే తీసుకెళ్ళాను. దారిలో ఆటోలో అమ్మ చేత రెండుసార్లు అభ్యాసం చేయించాను. తీరా లోపలికి వెళ్ళాక, ఏమిటి ఇబ్బంది అని డాక్టరమ్మ అడిగితే, అమ్మ చిరునవ్వుతో “సబ్ ఠీక్ హై” అంది. నేను చెప్పబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

నేను బల్లమీద ఉన్న తెల్లకాగితం ఒకటి తీసుకుని బొమ్మ వేశాను. నాకు బొమ్మలు రావు. మంచం, దాని మీద మనిషి. చూడటానికి బల్లి పాకుతున్నట్టు వచ్చింది. అమ్మ అది చూసి “కాళ్ళిలా నేవు దానికి. ఒకటి మడత పెట్టుకునుంది” అని, నా చేతిలో పెన్ను లాక్కుని ఒక కాలు సరిచేసింది. సరిచేశాక, ఇక పెన్ను చేతిలో ఉంది కాబట్టి, ఎడమవైపు ఒక చుక్క పెట్టి కాగితం డాక్టరమ్మవైపు జరిపింది.

డాక్టరమ్మ నవ్వలేదు. ఆ బొమ్మ ఎవరిదని కూడా అడగలేదు. లేచి తెర లాగి “ఆయియే అమ్మా” అంది. పరీక్ష చేసి బయటికి వచ్చాక ఆమె నాకు ఏయే పరీక్షలు, ఎంత త్వరగా చేయించాలో చెప్పింది. ఆలస్యం చేయొద్దని మూడుసార్లు అంది. అమ్మ మాత్రం పెద్ద పని అయిపోయినట్టు తేలిగ్గా బయటికి వచ్చి, ఎదురుగా బండిమీద చెరకురసం తాగుదామంది.

ఆ సాయంత్రం నాన్నకి నేనే చెప్పాను. ఆయన వర్క్‌షాపునుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. మొత్తం విని “గుండె బాగుందన్నాడు కదా” అన్నాడు. గుండె బాగానే ఉంది నాన్నా అన్నాను. ఆయన కాళ్ళు తుడుచుకుని, వారంరోజులుగా పాడై ఉన్న ఇంటి కూలర్ని పెరట్లోకి ఈడ్చుకెళ్ళి విప్పడం మొదలుపెట్టాడు. పంపు, మోటారు, గడ్డి పలకలు, అన్నీ విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. చివరి మర బిగిస్తూ, తల ఎత్తకుండా, “హిందీలో దానికి మాట ఉంది. నన్నడిగితే సెప్పీవోణ్ణి” అన్నాడు.

“అడగడానికే సిగ్గేసింది” అంది అమ్మ.

“నాకూ సిగ్గే” అన్నాడు నాన్న. నాకు తెలిసి వాళ్ళిద్దరూ ఆ విషయం గురించి మాట్లాడుకున్నది అంతే.

ఆపరేషన్ అయింది. ఒకవైపు పూర్తిగా తీసేశారు. తర్వాత నెలల తరబడి మందులెక్కించారు. అది ఎలా గడిచిందో వివరంగా రాయడం నాకు ఇష్టం లేదు. అమ్మ వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, పొయ్యి మీద పప్పు మాడుతోందేమో చూడమని చెప్పేది. రాత్రి ఆమె మూలుగు వినపడకుండా నాన్న రేడియో పెట్టేవాడు. అది మాకు వినపడకుండానో, తనకి వినపడకుండానో నేను అడగలేదు.

జుట్టు ఊడిపోయింది. కాలనీలో ఎవరైనా అడిగితే తిరపతి మొక్కని చెప్పమంది అమ్మ. చెప్పాం. అందరూ సంతోషించి, ప్రసాదమేదని అడిగారు. మేం అది ఆలోచించలేదు. నాన్న సైకిలేసుకుని స్టేషన్ దగ్గర మిఠాయి కొట్టుకి వెళ్ళి బూందీ లడ్డూలు కొనుక్కొచ్చాడు. ఇంటింటికీ పంచాం. జనం కళ్ళకద్దుకుని తిన్నారు. పక్క క్వార్టరు ఆవిడ, ఈసారి లడ్డూలో పచ్చకర్పూరం తగ్గించారని బాధపడింది.

కానీ మొక్కు తీరి చాలా నెలలైనా జుట్టు రాకపోయేసరికి ఆ పక్క క్వార్టరావిడే ఒకరోజు శుక్రవారం భజనలో అందరి ముందూ అడిగింది. “ఏం మొక్కు వదినా ఇది, మళ్ళీ మళ్ళీ ఇస్తన్నావు?”

అమ్మ చేతిలో తాళాలు పక్కన పెట్టింది.

“కేన్సర్ మొక్కు” అంది.

భజన అక్కడితో ఆగిపోయింది. అమ్మ మొదటినుంచీ చెప్పింది. చింతపిక్క, గ్యాసు మాత్రలు, బొమ్మ, డాక్టరమ్మ, ఆపరేషన్. లడ్డూలు స్టేషన్ దగ్గర కొన్నవని కూడా చెప్పింది. ఇన్నాళ్ళూ నోరు రాని మనిషి అంత మాట్లాడుతుంటే నేను గోడకి ఆనుకుని విన్నాను. అందరూ ఏడ్చారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆ బొమ్మని చూడాలన్నారు.

మరుసటి ఆదివారం రెండు ఆటోల్లో వచ్చారు. సాబ్ అంతమంది ఆడవాళ్ళు ఒకేసారి లోపలికి రావడం ఎప్పుడూ చూడలేదు. వాళ్ళు నాణేలనీ, నగల్నీ పట్టించుకోకుండా తిన్నగా ఎర్ర సిలిండరు దగ్గరికి నడిచారు. ముందు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒకావిడ బొమ్మ జోళ్ళు బాగున్నాయంది. తర్వాత పక్క క్వార్టరావిడ మెల్లగా అద్దం మీద వేలు పెట్టి “నాకిక్కడ” అంది. నడుము. వెనకావిడ ఆమెని తోసి మోకాలు చూపించింది. ఇంకొకావిడ చాలాసేపు ఆలోచించి పొత్తికడుపు కింద వేలు పెట్టి, వెంటనే తీసేసింది. అది అమ్మ చూసింది. ఆవిడ చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళి, ద్వారపాలకుడి పక్కన కూర్చోబెట్టి మాట్లాడింది. ఆ తర్వాత ఆవిడకి గర్భసంచి ఆపరేషన్ అయింది. మిగతావాళ్ళందరివీ నడుములూ మోకాళ్ళే.

వాళ్ళు వెళ్ళాక సాబ్ అద్దం మీద ముద్రలన్నీ చూసి, ఇదేం పూజ అని నన్నడిగాడు. చెప్పాను. ఈసారి ఆయన కిటికీవైపు తిరగలేదు. బల్లమీద ఉన్న పేపరువెయిటు కొంచెం అటూ ఇటూ తిప్పి, మీ అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారని అడిగాడు. వారంలో చీటీ మార్పించాడు. ‘వైద్యుడి బొమ్మ’ అని పెద్ద అక్షరాలు, కింద రెండు వాక్యాల్లో కథ.

ఆ చీటీ రెండేళ్ళుంది. తర్వాత బయటి ఊరినుంచి దంతపు పనుల మీద చదువుకున్న ఒక పండితుడు వచ్చాడు. మర్యాదస్తుడు. భూతద్దంతో బొమ్మని చాలాసేపు చూసి, ఇలాంటివి విదేశీయులకి అమ్మడానికే చేసేవాళ్ళనీ, వైద్యులు వాడారనడానికి గట్టి ఆధారం లేదనీ, తెర కథ కూడా అమ్మకందారులు కల్పించినదై ఉండొచ్చనీ చెప్పాడు. సాబ్ నిజాయితీపరుడు. చీటీ తీయించేసి పాతదే పెట్టించాడు. ఆడమనిషి మళ్ళీ విశ్రాంతి తీసుకోవడం మొదలుపెట్టింది.

అమ్మకి ఈ సంగతి ఎలా చెప్పాలా అని రెండురోజులు ఆలోచించి, అన్నం తింటున్నప్పుడు చెప్పాను.

“అయితే ఆ డాక్టరు కూడా నేడా?” అంది.

“లేడట.”

“మంచోడనుకున్నాను” అని మజ్జిగ పోసుకుంది. కొంచెం బాధపడినట్టే కనిపించింది. 

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. సాబ్ రిటైరై వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. నాన్న కూడా రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి మేం ఊరి అవతల సొంత ఇంట్లోకి మారాం. అమ్మకి డెబ్బై దాటాయి. ఏడాదికోసారి పరీక్షకి తీసుకెళ్తాను. ఇప్పుడు పెద్ద ఆస్పత్రి, టోకెన్లు, ప్రతిసారీ కొత్త డాక్టరు.

పోయిన చలికాలం వెళ్ళినప్పుడు డాక్టరు కుర్రవాడు. ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలమైనట్టు లేదు. ఫైలు తిరగేస్తూ, ఎప్పుడు ఆపరేషన్ అయింది, ఎటువైపు అని అడిగాడు. ఆ మాట అనడానికి రాక “ఆ... వో... సైడ్” అంటూ నీళ్ళు నమిలాడు. అమ్మ, మాటల్లో ఆడా మగా తేడా లేని తన హిందీలో, గది బయట వరసలో కూర్చున్నవాళ్ళందరికీ వినపడేటట్టు వివరంగా చెప్పింది. ఏ రొమ్ము, ఎంత గడ్డ, ఎక్కడివరకూ కోత. కుర్రవాడి చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను కింద పడేసుకుని, వంగి దాన్ని అందుకోవడంలో చాలాసేపు గడిపాడు.

అమ్మ నావైపు తిరిగి, “పాపం, సిగ్గుపడతన్నాడు. నువ్వుంటే ఇంకా ఇదవుతాడు, బయట కూకో” అంది.

నేను బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. పక్కన చాయ్ బండివాడు పోస్తుంటే ఒకటి తీసుకున్నాను. లోపల అమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. కాసేపటికి డాక్టరు గొంతు కూడా మొదలైంది. అతను ఏదో అడుగుతున్నాడు, ఈమె చెబుతోంది. అమ్మ బయటికి వచ్చి, అన్నీ బాగున్నాయన్నాడని చెప్పి, ఆ అబ్బాయిది బిలాస్‌పూర్ అనీ, ఇంకా పెళ్ళి కాలేదనీ చెప్పింది. ఆటో ఎక్కే ముందు, ఇంట్లో కరివేపాకు లేదని గుర్తొచ్చి సంత దాకా నడిపించింది.